పంటి కింద పనస

మూడు లాంతర్ల దగ్గర, మందుల షాపు మీద మేడలో
చెవులు సరిచేస్తాను నేను.
మెట్లు పదహారు.
ఎక్కి వచ్చినవాళ్లు ముందు ఆయాసం తీర్చుకుని
తర్వాత "ఏటీ?" అంటారు.

గొల్లపల్లి తవిటప్ప అలా అనలేదు.
బొబ్బిలి బస్సు దిగి సరాసరి వచ్చి కూర్చుని
నా పెదాలకేసి చూశాడు.

గాజు గదిలో సన్నటి కూతలు వినిపించాను.
తెర మీద గీత రెండువేల దాకా నడిచి
అక్కణ్ణించి నూతిలోకి దిగిపోయింది.
"అరవయ్యేళ్లు ఉలి కొట్టాను గదమ్మా,
సెవిలో పొట్టు పడిపోనాది."

వేరుశనగ గింజంత యంత్రాలు రెండు
చెవుల వెనక కూర్చోబెట్టి మీట నొక్కాను.
ఫ్యాను రెక్క. నా గాజులు.
కింద రోడ్డు మీద నూనెలో పడుతున్న బజ్జీ.
చొక్కా కాలరు మెడకి రాసుకున్నా చప్పుడవుతుందని
ఆరేళ్లకి గుర్తొచ్చి నవ్వాడు.
ఆ నవ్వు తనకే మరీ గట్టిగా వినబడి
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

మంగళవారం మళ్లీ వచ్చాడు,
దుప్పట్లో చుట్టిన ఏకాండి వీణతో.
కండక్టరు దానికీ టిక్కెట్టు కొట్టాట్ట.
"మీ మిషనుకి సారణి తీగంటే గిట్టదమ్మా."

మీటాడు.
నాకు షడ్జం గది మూలల దాకా నిలబడింది.
ఆయన చెవిలో అదే
మూడు ముక్కలై వణికి, చచ్చిపోయింది.

తప్పు యంత్రానిది కాదు.
ఎడతెగని నాదం ఏది విన్నా
తన కడుపులో పుట్టిన ఈలే అనుకుని
పీక నులమమని దానికి నేర్పారు.
మాటల కోసం చేసిన చెవి అది.
మాట ఎప్పుడూ తుంపులు తుంపులే కదా.
"దాని ఇంటావంటా సంగీతం నేదేటి?" అన్నాడు తవిటప్ప.

ల్యాప్‌టాప్ తెరిచి ఈల అణిచే గడిని ఆపేశాను.
ఇంకా ఎంత పెంచాలో, ఎక్కడ తగ్గాలో
నాకు తెలీదు.
ఆయనకి తెలుసు, చెప్పడానికి మాట లేదు.

అప్పుడు యంత్రాలు తీసి బల్ల మీద పెట్టి
వంగి, పనస దండి అంచుని పళ్ల మధ్య కరిచి పట్టాడు.
మీటాడు. కళ్లు మూతపడ్డాయి.
"ఆరేళ్లుగా ఇలాగే మేళం కడతన్నాను.
ఇంట్లో ఎవులికీ తెల్దు. ఎలక కొరికిందనుకుంతన్నారు."
లక్క పూత మీద నిజంగానే
రెండు వరసల గాట్లు.

ఆ పూటంతా పన్ను చెప్పింది, చెవి నేర్చుకుంది.
దంతం మీద నాదం, చెవిలో నాదం,
మళ్లీ దంతం.
నేను గీతలు జరుపుతూ పోయాను, ఆయన తల అడ్డంగా ఊపుతూ పోయాడు.
సాయంత్రం కరెంటు పోయి వచ్చాక ఒక్కసారి
నిలువుగా ఊపాడు.
ఆ అమరికకి పేరు అడిగింది యంత్రం.
"పనస" అని కొట్టాను.

మనవడి ఫోను పక్కన పెట్టుకుని
మెత్తటి మైనంలో ఇరవైమూడో మెట్టు దించాడు నా ముందే.
తెర పచ్చబడింది.
ఆయన మెట్టుని వెంట్రుకవాసి పైకి జరిపాడు.
తెర ఎర్రబడింది.
"పచ్చది బజారుకి," అన్నాడు.
ఇక మాట్లాడలేదు.

ఆ రాత్రి కంటోన్మెంటులో నా అద్దె గదిలో
కళ్లజోడు తీసి, ఫోను పక్కన పడేసి,
ఎవరూ చూడ్డం లేదు కదా అని
కిటికీ ఊచని పళ్లతో పట్టుకున్నాను.
తుప్పు చేదు.
రాయగడ గూడ్సు
ముందు నా దవడలోకి వచ్చింది,
ఆ తర్వాతే ఊళ్లోకి.