ఎడం

హైదరాబాదు నుంచి రెండుసార్లు ఫోన్ చేసి చెప్పారు:
నాలుగు నుంచి ఆరు దాకా లైను ఖాళీగా ఉంచండి,
మూడో రింగుకి ఎత్తండి,
పుస్తకాలు ముందేసుకుని కూర్చోకండి.
నా జెరాక్సు కొట్లో పుస్తకాలెక్కడివి?
ఆధార్ కార్డులు, ఒడియాలో కులం కాగితాలు,
మిషను కడుపులోంచి వచ్చే వేడి ఇంకు వాసన.
షట్టరు సగం దించి కూర్చున్నాను.

నీలాచలం అక్కడ, దీపాల కింద, ఎత్తు కుర్చీలో.
వాడి కాళ్ళు కిందికి అందుతున్నాయో లేదో అని
అదొక బెంగ నాకు.

వాడి చదువు సంగతి నాకు తెలుసు.
బళ్ళో ఒడియా. ఇంట్లో తెలుగు, నోటిమాటగా.
తెలుగు అక్షరం మటుకు బరా పొట్లాల మీద దొరికింది.
టెక్కలి నుంచి కేజీల లెక్కన దిగే పాత పేపర్లు
గుణుపురం బస్టాండు బండి దగ్గర ముక్కలయ్యేవి.
తినేసి, నూనె కాగితాన్ని వెలుతురుకి పట్టి చదివేవాడు.
అందుకే వాడికి తెలిసినవన్నీ సగాలే.
యుద్ధం మొదలైన ఏడు తెలుసు, ఆగింది తెలీదు.
ఎవరో రాజుగారి ముగ్గురు రాణుల్లో ఇద్దరి పేర్లు తెలుసు;
మూడో ఆవిడ శనగపిండి మరకలో ఉండిపోయింది.
చిరిగిన చోటు నుంచి మిగతాది అల్లుకోవడం
కండక్టరు ఉద్యోగం కంటే ముందే నేర్చాడు.

ఫోను మోగింది.
మొదటి రింగుకే ఎత్తేశాను.
"మీ స్నేహితుడు ఏడో ప్రశ్నలో ఉన్నారండీ,
ఒడిశా నుంచి వచ్చి కూడా తెలుగు
ఎంత చక్కగా మాట్లాడుతున్నారో!"
చప్పట్లు.
మా అమ్మ కూర కలుపుతూ మాట్లాడే మాటకి
చప్పట్లు కొడతారని నాకు అప్పటిదాకా తెలీదు.

తర్వాత వాడు, బస్సు వెనక పరిగెత్తినట్టు రొప్పుతూ:
"ఒరే లోకా, నౌపడ నుంచి మనూరొచ్చే పాత చిన్న రైలు,
పట్టాకీ పట్టాకీ ఎడమెంతరా?
రెండడుగులా, రెండున్నరా, మూడా, మూడుంబావా?"

ఇరవై సెకన్లు ఉన్నాయి.
ఎడం నాకు తెలుసు. అంకె తెలీదు.
బడి వదిలాక వాడు ఎడం పట్టా మీద, నేను కుడి పట్టా మీద,
చేతులు పట్టుకుని, కాలవ కల్వర్టు దాకా.
ఎవడు ముందు జారితే వాడు బరా కొనాలి.
ఎప్పుడూ ఇద్దరం ఒకేసారి పడేవాళ్ళం,
ఎవడి డబ్బులూ ఖర్చయ్యేవి కావు.
అదంతా చెప్పడానికి వీల్లేదు కదా.
"నువ్వా పట్టా, నేనీ పట్టా... గుర్తుందేటిరా,
నా మోచెయ్యి కాస్త వంగి..."

టుంయ్.

ఆ రాత్రి దాకా కొట్లో స్కేలు పట్టుకుని
నా చేతిని నేనే కొలుచుకున్నాను.
నలభై ఆరేళ్ళ చెయ్యి. ఏం చెబుతుంది?

పదకొండు రోజులకి టీవీలో వేశారు.
టీకొట్టు నిండా జనం, బల్లల మీద పిల్లలు.
నా గొంతు వచ్చింది, డబ్బాలోంచి మాట్లాడినట్టు.
"మోచెయ్యి" అనగానే అక్కడి జనం నవ్వారు.
ఇక్కడా నవ్వారు.
తెర మీద నీలాచలం కళ్ళు మూసుకున్నాడు.
కుడిచెయ్యి మెల్లిగా పక్కకి చాచాడు,
మోచెయ్యి కాస్త వంచి,
గాలిని పట్టుకున్నాడు.
"దేవుణ్ణి తలుచుకుంటున్నారా?"
"కాదండి. కొలుస్తన్నాను."
కాసేపు ఎవరూ ఏం అనలేదు. "రెండున్నర," అన్నాడు.
"ఖాయం చేసేద్దామా?"
విరామం.

వాడు నా పక్కనే బల్ల మీద ఉన్నాడు, టీ ఊదుకుంటూ.
ముందే చెప్పనని కాగితం మీద సంతకం పెట్టొచ్చాడట.
వారం నుంచీ వాళ్ళావిడకి కూడా చెప్పలేదు.
"ఒప్పేనా?" అన్నాను చెవిలో.
స్టేషన్ వైపు పెద్ద రైలు కూత పెట్టింది.
వాడు అటు తిరిగి, గ్లాసు కింద పెట్టి,
"ఒరే, ఈ పెద్ద పట్టాల మీద నడిస్తే
ఇప్పుడు మన చేతులు అందుతాయంటావా?"

సబ్బు ప్రకటన అయిపోయి నూనెది మొదలైంది.