రెండో త్రికోణం

నమియాలో ఇంకా పద్దెనిమిది కిలోమీటర్లుందనగా
జీడిమామిడి నీడలోంచి ఒక తెల్ల చొక్కా
రోడ్డు మీదికొచ్చి అరచెయ్యి చూపింది.

ముందు లైసెన్సు.
తర్వాత ఆ లైసెన్సుని అనువదించే ఇంకో లైసెన్సు.
పాస్‌పోర్టు, బండి కాగితాలు, మెరిసే పసుపు కోటు,
అన్నీ ఉన్నాయి.
సార్జెంట్ అమీసి మొహం కొంచెం చిన్నబోయింది.
డిక్కీ తెరవమన్నాడు.
బండి చెడితే రోడ్డు మీద నిలబెట్టే ఎర్ర త్రికోణం
ఒకటుంది.
రెండుండాలట.
రెండు వేళ్లు చూపించి, ఒకటి మడిచి,
మడిచిన వేలు వెయ్యి మెటికాల్ అన్నాడు.

నాకు వాళ్ల పోర్చుగీసు నలభై మాటలొచ్చు,
అందులో పదకొండు కూరగాయలు.
నీళ్లు నమిలాను.
అది చూసి అతనికీ గొంతెండినట్టుంది,
స్వరం తగ్గించి
ఒక్క కూల్‌డ్రింకు, మూడొందలు, అన్నాడు.

మా ఊళ్లో దీన్నే టీ ఖర్చులంటారు.
ఇక్కడ ఎండ ఎక్కువ,
చల్లగా అడుగుతారు కాబోలు.

అప్పుడెందుకో పౌరుషం పొడుచుకొచ్చింది.
సొంత ఊరి చౌరస్తాల్లో ఎన్ని టీలు పోయించానో లెక్కలేదు,
ఎనిమిదివేల మైళ్లు దాటొచ్చి
నిప్పులాంటి మనిషినయ్యాను.
రసీదు, అన్నాను.
నలభైలో అదొకటి.

రసీదు పుస్తకం అయిపోయింది.
కొత్తది మొనాపో నుంచి రావాలి.
వస్తుంది, కూర్చో, అన్నాడు.
కోపంగా కూడా అనలేదు.

వెనక సీట్లో డోనా అతీజా.
దారిలో చెయ్యెత్తితే ఎక్కించుకున్నాను.
మొహం నిండా తెల్లటి ముసీరో పూత,
ఒళ్లో కాళ్లు కట్టేసిన మూడు కోళ్లు.
సంత పన్నెండింటికి ఎత్తేస్తారు.
మకువాలో ఏదో అంది, అమీసి తలొంచుకుని నవ్వాడు.
నాక్కూడా చెప్పమన్నాను.
"నీ దగ్గర డబ్బుంది, వాడికి దాహముంది,
మధ్యలో నా కోళ్లేం చేశాయి?"

పది. పదిన్నర. పదకొండుంపావు.
లారీలొస్తున్నాయి, కిటికీలోంచి ఒక చెయ్యి కిందికి,
రోడ్డు మీంచి ఒక చెయ్యి పైకి,
వెళ్లిపోతున్నాయి.
ఒక డ్రైవరు నన్ను చూసి జాలిగా హారన్ కొట్టాడు.
అమీసి తన నీళ్ల డబ్బా నాకిచ్చాడు.
అడుగున నాలుగు గుక్కలున్నాయి.
దాహం అబద్ధం కాదు.

ఎర్ర పెట్ట మెడ వాల్చేసింది.
అతీజా అరుపుకి అందరం లేచాం.
దానంతటది చస్తే ఎవరూ ముట్టరు.
అమీసి టోపీ తీసి బానెట్ మీద పెట్టి,
జేబులోంచి కత్తి తీసి, దేవుడి పేరు తలుచుకుని,
రోడ్డు పక్క ఇసకలో పని ముగించాడు.
అతీజా చెయ్యి నా వైపు చాచింది.
ఎంత?
మూడొందలు.

కోసిన కోడితో, పొయ్యి లేని దారిలో, నేనేం చేసుకోను?
అమీసి దాన్ని ఆకుల్లో చుట్టి
తన మోటార్‌సైకిల్ హ్యాండిల్‌కి తగిలించాడు.
ఒబ్రిగాదు, అన్నాడు.
అది కూడా నలభైలో ఉంది.

పన్నెండున్నరకి పుస్తకమొచ్చింది.
వెయ్యీ నా కళ్లముందే రెండుసార్లు లెక్కపెట్టాడు.
కార్బన్ కాగితం సర్ది, నాలుక కొస పంటి కింద పెట్టి,
నా పేరుని ఆయనకి తోచినట్టు రాశాడు.
చిరునామా?
నంపులా. నీలం తలుపు మందుల షాపు వెనక సందు.
రాశాడు. కింద గీత కూడా గీశాడు.

వీసా నన్ను పరాయి అంటుంది.
కరెంటు బిల్లు ఇంటివాడి పేరుతో వస్తుంది.
ఈ దేశంలో నేనొక చోట ఉంటున్నానని
ఒప్పుకున్న కాగితం ఇదొక్కటే.
మూలన గోధుమరంగు వేలిముద్ర,
అమీసిది, కోడిది.

నమియాలోలో అతీజా రెండు కోళ్లతో దిగి
తలుపు గట్టిగా వేసింది.
రెండో త్రికోణం అక్కడే కొందామనుకున్నాను.
సంత ఎత్తేశారు.
ఇంటికి అదే రోడ్డు.