ఇల్లుటం

హన్మకొండ, నయీంనగర్, మెట్ల కింది దవాఖాన.
డాక్టరమ్మ గోలీల చీటీ ఎన్కకు తిప్పి
చేప బొమ్మ గీసింది.
"దీని కొవ్వుల ఒక గుణమున్నదంటరు.
నీ ఒంట్లె కావలోళ్ల కోపాన్ని కొంచెం సల్లార్పుతదట.
అంటరు, అంతే.
కొన్ని పరీక్షలు ఔనన్నయ్, కొన్ని ఏమో అన్నయ్.
గోలీలు మాత్రం ఒక్కపూట తప్పొద్దు."

నలభై ఏండ్లు వల ఇసిరినోనికి
చేప సంగతి చెప్పబట్టె. నవ్వొచ్చింది.

"సముద్రపు చేపల్ల జాస్తి" అన్నది.
మనకు సముద్రమేడిది తల్లీ,
నర్సంపేట బస్సెక్కితె
పాకాల దాకనే నీళ్లు.

పొత్తికడుపుల, కుడిపక్క,
మా అక్క ఓదెమ్మ కిడ్నీ ఉన్నది.
ఇల్లుటమొచ్చిన అల్లుని లెక్క
తలుపు పక్కకు సాప పరుసుకున్నది.
నెత్తురేమో పొద్దుమాపు అడుగుతనే ఉంటది:
ఎవలు నువ్వు? ఏ ఊరు? ఇంటిపేరేంది?
పోయిన్నెల గట్టిగనే అడిగింది,
క్రియాటినిన్ రెండు దాటింది.

ఆ అడుగుడు నాకెరుకే.
ఆ గొంతు నాదే.

పన్నెండేండ్ల కింద
మత్స్య సొసైటీ రిజిస్టర్ నా సంకల ఉండె.
బావ సారయ్య మా ఇంటికి ఇల్లుటమొచ్చినోడు,
సభ్యత్వం అడిగితె
ఎర్ర పెన్నుతోటి రాసిన: స్థానికుడు కాదు.
బావ ఏమనలే.
వల మడత పెట్టి అటుక మీద ఏసి
వరంగల్ మిర్చి యార్డుల బస్తాలు మోసుడుకు పోయిండు.
అక్క నా గడప తొక్కలే,
పట్నంల ఆపరేషన్ కాయితానికి
వేలిముద్ర పెట్టే దాకా.

నిన్న పొద్దుగూకినంక బావొచ్చిండు.
అంగి నిండ మిర్చి ఘాటు,
చేతుల పేపర్ పొట్లం.
కాకినాడ కెళ్లి ఐసు పెట్టెలల్ల వచ్చిన కవ్వలు.
చేపలోడు చేపలు కొనుక్కొచ్చిండు!
బేరం గుడ చేసినట్టు లేడు.
"ముండ్లు జూసుకొని తిను" అన్నడు.
గంతే.

రాత్రి ఎనిమిది గోలీ ఏసుకొని పండుకున్న.
ఆ కొవ్వు లోపలికి పోయి
నెత్తురుకు ఏం నచ్చజెప్తదో
డాక్టరమ్మకే సక్కగ తెల్వదు, నాకేం తెలుస్తది.

తెల్లారి బావ పేరు మీద దరఖాస్తు రాసి
సొసైటీ ఆఫీసుకు పోయిన.
కొత్త సెక్రటరీ, మొన్నటి పోరగాడు,
నా పాత రిజిస్టరే తిరిగేసి
"కాకా, గాయిన మనూరోడు కాదు గదనే" అన్నడు.

నేను అంగి పైకి లేపిన.