నయేరు

నల్లేరు మీద బండి నడక అంటారు గానీ
నిచ్చెన మూడో మెట్టు మీద నా నడక అలా సాగలేదు.
టూసాన్ ఎండల్లో, కూలర్ పెట్టె బిగించబోయి
కుడి మణికట్టు విరగ్గొట్టుకున్న ఏడాది
చాండ్లర్ నించి తాయారమ్మగారు
పాత పంచాంగం కాగితంలో చుట్టి
జానెడు తీగ పంపారు.
నాలుగు పలకలు, మూడు కణుపులు,
పచ్చరంగు ఎముక ముక్క.

రాత్రి షిఫ్టులో మందుల షాపు కౌంటర్ వెనక
ఊరందరికీ బిళ్ళలు లెక్కపెట్టి ఇచ్చేదాన్ని.
నమ్మకం లేకుండానే నూరాను,
నేతిలో వేయించాలన్నది మరిచిపోయి.
రెండు రోజులు గొంతంతా కందదురద.
మణికట్టు అతుక్కుంది.
పచ్చడి వల్లో పిండికట్టు వల్లో
ఒట్టేసి చెప్పలేను.

పక్కింటి యులాలియా బ్రాకమోంటే
ఇదంతా గోడ మీంచి చూసింది.
ఒక సాయంత్రం వంటింటి పటకారుతో పట్టుకుని
నాగజెముడు మట్ట అందించింది.
మా వైపు అది చేనికి కంచె, మేక కూడా మూతి పెట్టదు.
ఈమె ముళ్ళు గీకి, ముక్కలు కోసి
గుడ్డుతో వేపుడు చేస్తుంది.
జిగురంటావా, బెండకాయ జిగురే.

నాటబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.
"ఇవాళ కాదు. కోసిన చోటు ఎండాలి.
పచ్చి గాయాన్ని మట్టిలో పెడితే కుళ్ళుతుంది."
పది రోజులు కిటికీ అంచున
నీళ్ళు పొయ్యకుండా చూస్తూ కూచున్నాను.
నీళ్ళు పొయ్యకపోవడం
నేనెప్పుడూ నేర్చుకోని పని.
కంటికి కనపడని నూగుముళ్ళు మాత్రం
బొటనవేల్లో కాపురం పెట్టి
ప్రతి సీసా మూత దగ్గరా పలకరించాయి.

బదులుగా నల్లేరు కణుపు ఒకటి ఇచ్చాను,
డబ్బాకి టేపు అంటించి, పేరు రాసి.
ఆమె భాషలో రెండు ఎల్‌లు పక్కపక్కన కూచుంటే య అట.
"నయేరు" అంది.
కాదు, నల్లేరు, అన్నాను.
"అదే. నయేరు."

తర్వాత కుండీలు నన్ను అడగడం మానేశాయి.
రణపాల ఆకు ఒకటి బల్ల మీద పడేసి మరిచిపోతే
అంచు నొక్కుల్లోంచి పిల్లలు తొంగిచూశాయి.
నెలకో శనివారం లైబ్రరీ వెనక మడతబల్ల వేసి
కలబంద పిలకలు, వామాకు కొమ్మలు,
నాకే పేరు తెలియని ఒక ముళ్ళబంతి.
"షుగరుకి పనిచేస్తుందా?"
డాక్టర్ని అడగండి, అంటాను కౌంటర్ గొంతుతో.
పిల్లాడికి దగ్గు అంటే మాత్రం
వామాకు తుంచి చేతిలో పెడతాను.

మొన్న జనవరిలో వరసగా మూడు రాత్రులు మంచు పట్టింది.
ఉన్న దుప్పట్లన్నీ నిమ్మచెట్టుకి కప్పాను.
తెల్లారేసరికి నల్లేరు
ఉడికిన తోటకూర కాడై గోడకి వేలాడుతోంది.
పట్టుకుంటే వేళ్ళ సందుల్లోంచి జారింది.
తాయారమ్మగారికి ఫోన్ చేశాను.
ఆవిడది ఎప్పుడో పోయిందట.
చెప్పలేదేం అంటే,
"నీ దగ్గరుంది కదా అనుకున్నా."

యులాలియా డబ్బాని మరిది రొహేలియో పట్టుకుపోయాడు.
అతను ఎవరికో ఇచ్చాడు.
ఆ ఎవరో, రైలుపట్టాలు దాటాక ఒక టైర్ల షాపు.
కంప్రెసర్ వెనక, వెచ్చటి మూల,
అరిగిన లారీ టైరు నిండా మట్టి,
అందులోంచి గొలుసు పట్టుకు పాకి
రేకుల కప్పు అందుకున్న నల్లేరు.
గ్రీజు చేతుల కుర్రాడొకడు
కత్తి ప్యాంటుకి తుడిచి
కణుపు కింద సరిగ్గా కోసిచ్చాడు.
"మా అమ్మమ్మ మోకాలికి కడుతుంది" అన్నాడు.
"ఎలా పెంచాలో చెప్తాను, వినండి."
విన్నాను. మధ్యలో ఒక్కసారీ అడ్డు తగల్లేదు.

ఇప్పుడు కిటికీ అంచున ఉంది.
కోసిన చోటు ఎండాలి.
దాని నడుముకి టేపు ముక్క,
టేపు మీద ఆ కుర్రాడి బాల్‌పెన్ను అక్షరాలు:
నయేరు.
దిద్దుదామని పెన్ను తీశాను.
మణికట్టు లాగింది, చలిరోజుల్లో లాగుతుంది.
పెన్నుకి మూత పెట్టేశాను.