బాహుదా మొగ దగ్గర లెక్క

తెల్లారక ముందే మొగ దాకా నడవాలి,
సోనాపూర్ రేవు నుంచి మూడు వేల చిల్లర అడుగులు.
చంకలో ఫారెస్టోళ్ళ బుక్కు, మొలలో కత్తి,
చెవి మీద పెన్ను.
చచ్చిన తాబేళ్ళు ఎన్ని, బతికినవి ఎన్ని,
పిట్టలు ఏ జాతివి ఎన్ని.
రోజుకి రెండొందలు.

బడిలో నాకు ఒడియా నేర్పారు.
ఇంట్లో మాట తెలుగు. దాని అక్షరాలు మాత్రం నాకు
బరంపురం స్టాండులో
ఆంధ్రా బస్సుల నుదుటి మీది ముగ్గులు.
అందుకే ఒడియా గుండ్రాల్లో తెలుగు రాస్తాను.
ఇదీ అలాగే రాసుకున్నాను.

పిట్టల పేర్లు గున్నమ్మత్త పెట్టినవి.
కవళ్ళు ఎండేసిన చోట కర్ర పట్టుకుని కూచుని
ఒక్కోదాన్నీ తిట్టి తిట్టి పేరు ఖాయం చేసింది.
అల వెనక్కి పోతే వెంటపడి, అల తిరిగొస్తే
కుచ్చిళ్ళు ఎత్తుకున్నట్టు పారిపోయేది పిరికి కోడలు.
నల్ల టోపీ పెట్టుకుని గాల్లో నిలబడి
నిట్టనిలువునా నీళ్ళలో పడేది బాకీలోడు,
ఎక్కడ దాక్కున్నా వెతికి పట్టుకుంటాడు కాబట్టి.
తెల్ల తల గద్దకి మాత్రం తిట్టు లేదు.
అది కనబడితే చెయ్యెత్తి దణ్ణం,
ఆ తర్వాతే కర్ర.

మాఘం వెళ్ళాక దక్షిణపు గాలి తిరిగింది.
నిన్న పదకొండు తాబేళ్ళు.
కళ్ళు ఉబ్బి, మెడలు బయటికి చాచి.
ఒకదాని కడుపు చీలి
గుడ్లు ఇసకలో దొర్లుతుంటే
ఎర్ర పీతలు తోసుకుపోతున్నాయి
పెళ్ళివారి సామాను మోసేవాళ్ళలా,
అరుచుకోకుండా.
దూరంగా ట్రాలర్ల దీపాలు. అక్కడా ఒక ఊరుందనిపిస్తుంది.
'బతికినవి' గడిలో సున్నా చుట్టాను.
ఒడియాలో, తెలుగులో, సున్నా ఒక్కటే.

అప్పుడు వినబడింది, తమ్ముడు జోగులు ఆరేసిన వల్లో
రెక్కల చప్పుడు.
బాకీలోడు. చేప ముక్క కోసం దిగినట్టుంది,
మెడ దాకా నైలాను.
ఆ వల కొని నెల కాలేదు, వాయిదాలు ఇంకా కడుతున్నాడు.
నాలుగు కళ్ళు కోశాను, చాలక ఆరు,
ఆపైన లెక్కపెట్టలేదు.
పొడిచింది. గుప్పిట్లో దాని గుండె
గంజి ఉడికే కుండ మీద మూతలా కొట్టుకుంది.
కాలికి చిన్న రేకు కడియం,
దాని మీద నాకు రాని అక్షరాలు.
ఏ దేశంలో ఎవరు తొడిగారో,
అన్ని నీళ్ళ మీదుగా మోసుకొచ్చింది, చదవడం రాక.
నాకెందుకో నవ్వొచ్చింది.

అరచేతి మీద ఆ అక్షరాల్ని బొమ్మల్లా గీసుకుని
వదిలేశాను.
వెనక్కి చూసిందీ లేదు, ఏమీ లేదు,
చొక్కా మీద రెట్ట వేసి పోయింది.

సనాతన బెహరా బాబు బండి మీద వచ్చి
ఏం పక్షి అన్నాడు ఒడియాలో.
చెప్పాను. పెన్ను ఆగింది.
అలాంటి పేరు లిస్టులో లేదని
'ఇతరాలు' కింద ఒకటి వేసుకున్నాడు.
అరచెయ్యి చూపిద్దామంటే
చెమటకి సగం చెరిగి
మూడు కర్రలూ ఒక కొక్కెమూ మిగిలాయి.

జోగులుకి వల సంగతి ఇంకా చెప్పలేదు.
గున్నమ్మత్తకి చెప్పాను.
కర్ర పక్కన పెట్టి, కడియమా, అంది.
"ఎండిదా, ఇత్తడిదా?"