టాంకీ అడుగు

ఖైతాన్‌లో ఆరంతస్తుల మేడ మీద
తెల్లారుజామున నాలుగింటికే
ఎండ రాకముందే వేడి ఎక్కి కూచుంటుంది.
పన్నెండు టాంకీలు. పైన తెల్లరంగు,
మూత మీద కంపెనీ ముద్ర, నిరుడు కడిగిన తారీఖు.
దూరం నుంచి బోర్లించిన పాలచెంబుల్లా ఉంటాయి.

మూత తీస్తే తెలుస్తుంది.
గోడకి జారుడు పాచి, అడుగున జానెడు ఒండ్రు,
దుమ్ముతుఫాను తెచ్చిన ఇసుక, పావురం ఈక,
ఎలా వచ్చిందో ఒక నీలం గోళీ.
ఈ నీళ్ళతోనే కింద నలభై ఇళ్ళు
మొహం కడుక్కుంటాయి, వుజూ చేసుకుంటాయి,
పసిబిడ్డకి లాల పోస్తాయి.

సన్నగా ఉంటానని నన్నే దింపుతారు.
నడుముకి తాడు. తాడు కొస పైన తీతు చేతుల్లో.
మాది రాజోలు పక్క, వాడిది రాయచోటి వైపు.
నేను "ఒరేయ్" అంటే వాడు "ఏంబ్బా" అంటాడు.
ఐదేళ్ళుగా ఒకే గది. కింది మంచం వాడిది, పై మంచం నాది.

చెప్పాల్సింది ఇంకోటుంది.
రంజాన్ నెలలో ఫోర్‌మన్ చెవిలో ఒక మాట వేశాను,
తీతు పనిలో నిద్రపోతున్నాడని.
అబద్ధం కాదు. ఒక్కసారి నిద్రపోయాడు.
ఒళ్ళు కాలే జ్వరంతో,
అదీ నా వంతు రాత్రి కూడా తనే చేసి.
ఆ చివరి ముక్క నేను చెప్పలేదు.
వాడి ఓటీ నాకొచ్చింది. నెలకి పద్దెనిమిది దినార్లు.
అందులో దశమభాగం, తప్పు పోకుండా లెక్కగట్టి,
ఒక దినారు ఎనిమిదొందల ఫిల్సులు
కవరులో పెట్టి కానుకల సంచిలో వేశాను.

శుక్రవారం మధ్యాహ్నం మా ఆరాధన.
మలయాళం వాళ్ళు లేచెళ్ళిన కుర్చీలు ఇంకా వెచ్చగా ఉంటాయి.
మొన్న ప్రభు బల్ల. రొట్టె పళ్ళెం వరసలో వస్తోంది.
తీతు తీసుకుని నాకందించాడు,
ఒలకకుండా కింద చెయ్యి ఆనించి మరీ.
నేను దగ్గొచ్చినట్టు తల తిప్పి
పళ్ళెం పక్కవాడికి దాటించాను.
ఈ ఏడాది నేను నిజాయితీగా చేసిన పని అదొక్కటే,
అదీ దొంగదగ్గు చాటున.

ఎన్ని శుక్రవారాలు పాడానో!
నా గుండె కడుగు ప్రభువా అని
కళ్ళు మూసుకుని, చేతులెత్తి, గొంతు చిరిగేలా.
ఏం కడగాలో మాత్రం ఒక్కసారీ చెప్పలేదు.
మూత బిగించే ఉంచి, పైనుంచి పైపు పట్టమన్నట్టు.
ఈ పనే తిని బతికేవాణ్ణి, నాకు తెలియదూ?
బయట ఎన్ని బక్కెట్లు గుమ్మరించినా
లోపలి ఒండ్రు చలించదు.
దిగాలి. మోకాళ్ళ మీద కూచోవాలి.
బ్రష్షు తగలగానే నీళ్ళు ముందు ఇంకా నల్లబడతాయి,
కొత్తవాళ్ళు అక్కడే భయపడి పైకొచ్చేస్తారు.

ఇవాళ ఏడో టాంకీలో బ్రష్షు ఆపాను.
"తీతూ, నీ ఓటీ పోయింది నా వల్ల."
టాంకీలో చిన్నమాటంటూ ఉండదు.
గుండ్రటి గోడ దాన్ని తిప్పి తిప్పి
నా చెవిలోనే పోసింది. నా వల్ల, నా వల్ల.

తాడు సడలింది.
నడుము దగ్గర ఏ బరువూ లేదు.
మూత కంతలో బిళ్ళంత ఆకాశం, అందులో వాడి తల లేదు.
విమానం ఒకటి బాగా కిందుగా పోయింది.
ప్రార్థన చేద్దామనుకున్నాను,
పాటల్లో మాటలేవీ దగ్గరికి రాలేదు.

తాడు మళ్ళీ బిగిసింది.
"తెలుసులేబ్బా," అన్నాడు పైనుంచి. "రంజాన్లోనే తెలుసు."

అంటే రొట్టె అందించిన రోజు కూడా.

కాసేపటికి:
"ఆ మూల ఇంగా బురద కనపడతాంది. తోము ముందు."

తోముతూ లెక్కగట్టాను.
పద్దెనిమిది చొప్పున ఐదు నెలలు, తొంభై.
నా దగ్గర ఇరవై రెండున్నాయి.