లిస్బన్‌లో పదకొండు గంటలు

పొద్దున ఏడింటికి దింపుతుందట విమానం,
సాయంత్రం ఆరింటికి ఇంకోటి ఎక్కించుకుంటుందట.
మధ్యలో పదకొండు గంటలు.
"పదకొండు ఎక్కడివయ్యా?" అన్నాడు మస్తాన్‌వలీ
కాటా ముల్లు మీంచి చూపు తియ్యకుండా.
"తరుగు తియ్యవా?"

తీశాను.
బయటపడే వరసకి రెండు,
మళ్ళీ లోపలికి పోయే వరసకి మూడు,
బెల్టూ బూట్లూ విప్పి తొడుక్కోడానికో అర.
నికరం అయిదున్నర.
ఈ లెక్క దగ్గర రైతు మొహం ఎలా అవుతుందో
ఇరవై రెండేళ్ళు బల్లకి ఇవతల కూర్చుని చూశాను,
ఇవాళ నా మొహమే అలా అయింది.

ఓనరు గారికి మోకాలి ఆపరేషను.
స్పెయిన్‌లో మిరపకాయ రంగు తీసే కంపెనీకి
సాంపిళ్ళు చూపించే పని గుమాస్తాకి దక్కింది.
లిస్బన్ మీదుగా అయితే టికెట్టు చవక, అంతే.
వీసా ఇంకా రాలేదు.
ప్లాను మాత్రం మొదలెట్టాను,
ఓ పాత తక్‌పట్టీ వెనక.

ముందు పక్క: తేజ, నలభై రెండు టిక్కీలు, నిమ్ము ఎక్కువ.
వెనక పక్క: కోట. పసుప్పచ్చ ట్రాము.
నీలం పెంకులు అతికించిన గోడలు. నది ఒడ్డున బురుజు.
గుడ్డు సొనతో చేసే ఏదో బిళ్ళ, వేడిగా ఉన్నప్పుడే తినాలట.
ఏడు కొండల మీద కట్టిన ఊరట.
"అయితే తలనీలాలు అక్కడే ఇచ్చేసిరా" అంది హైమావతి
నా బట్టతల వైపు చూసి.

కోట నుంచి బురుజుకి ఫోన్లో వేలితో కొలిచాను.
శంకర్‌విలాస్ నుంచి నల్లపాడు, ఇంచుమించు.
"మరి బ్రిడ్జి దగ్గర ట్రాఫిక్కో?" అన్నాడు మస్తాన్‌వలీ.
గుంటూరోడికి ఏ దేశంలోనైనా
ముందు బ్రిడ్జే అడ్డొస్తుంది.

ఎక్కడో చదివిన సంగతి చెప్పాను వాళ్ళకి,
మిరపకాయ మన కాయ కాదని.
ఎక్కడో సముద్రాల అవతల పుట్టి
ఆ ఊరి వాళ్ళ ఓడలెక్కి మన ఒడ్డున దిగిందంటారని.
ముఠా వాళ్ళు బస్తాలు దించి మరీ నవ్వారు.
"అంతకుముందు మనోళ్ళు పచ్చడి దేంతో నూరారంట?"
మిరియాలతో అన్నాను.
కాసేపు యార్డంతా
ఆ పచ్చడి మీద జాలిపడింది.

తొడిమలు తీసే దీనమ్మ నవ్వలేదు.
ముప్పయ్యేళ్ళుగా మంట ఆరని వేళ్ళు ఆమెవి.
చంటిపిల్లలు ముగ్గురినీ
మోచేత్తో బుగ్గ నిమిరి పెంచింది.
"ఆ రేవు దాటొచ్చిందా ఇది?" అంది.
ముక్కుకి కట్టిన కొంగు కిందికి లాగి
"ఆడోళ్ళకీ తుమ్ములుంటాయా, కనుక్కోండి.
తుమ్మితే పక్కనోళ్ళు ఏమంటారో అదీను.
మా అమ్మ నూరేళ్ళు అనేది.
ఇక్కడ రోజుకి నూటిరవైసార్లు, ఎవరంటారు?"

చీటీ మీద అది రాయడానికి చోటు లేదు.
కోట కొట్టేశాను.
ఆ రోజు సోమవారమట, బురుజుకి సెలవు. అదీ పోయింది.
ట్రాముకి గంట సేపు వరసట. మళ్ళీ తరుగా, వద్దు.

జేబులో ఒక కాయ వేసుకోవాలని ఉంది.
కస్టమ్స్‌లో పట్టుకుంటే
వచ్చిన దారినే ఓసారి చూసిపోదామనుకుంది సార్
అని ఏ భాషలో చెప్పను?
కాయ అక్కర్లేదులే.
నా చేతిరుమాలు ఎన్ని ఉతుకులు ఉతికినా
యార్డు దానిలోంచి పోదు.

నది ఒడ్డున, గాలి ఊరివైపు తిరిగినప్పుడు
దాన్ని ఒక్కసారి దులుపుతాను.
ముందుగా ఎవరు తుమ్మితే
వాళ్ళ పక్కన నిలబడి చెవి పెడతాను.
దానికో నిమిషం.
మిగతా అయిదు గంటల ఇరవై తొమ్మిది నిమిషాలు
ఆ ఊరు ఏది చూపిస్తే అది.